రమ్మన్న చెయ్యి

పక్కింటి రోజమ్మ ఇంటి ముందు మంచులో ఒక బోర్డు పాతారు. తెల్లటి చెక్క మీద ఎర్రటి అక్షరాలు. కిటికీ దగ్గర నిలబడి కూడబలుక్కుని చదివాను. మొదటి మాట అర్థం కాలేదు కానీ రెండోది బాగా తెలిసిందే. సేల్.

ఇంగ్లీషు నాకు ఎవరూ నేర్పలేదు. ఆ మాటకొస్తే తెలుగూ నేర్పలేదు. చిన్నప్పుడు అన్నయ్య పాఠం వల్లిస్తుంటే వెనక నిలబడి విని, చింతపండు కట్టిచ్చిన పొట్లం కాగితాలు విప్పి, ఆ అక్షరాలు వాటిలో వెతుక్కుంటూ చదవడం పట్టుకున్నాను. ఏ కథైనా నాకు సగమే దొరికేది. మిగతా సగం ఇంకెవరింటి బెల్లానికో చుట్టుకుని పోయుండేది. ఇక్కడికొచ్చాక పాల డబ్బాల మీదా కొట్ల తలుపుల మీదా ఇంగ్లీషు పట్టుకుంటున్నాను. తలుపు మీద ‘కమ్ ఇన్’ అని ఉంటే నదురూ బెదురూ లేకుండా లోపలికి పోవచ్చు. ‘సేల్’ అని ఉంటే మా అమ్మాయి నళిని కారు ఆపుతుంది.

భోజనాల దగ్గర చెప్పాను, రోజమ్మ కొట్టు పెడుతున్నట్టుందని.

అల్లుడు జగన్మోహన్ గరిటె ఆపి చూశాడు. “ఏం కొట్టు, అత్తయ్యా?”

“బట్టలే అయ్యుంటాయి. సేల్ అని బోర్డు పెట్టింది. పక్కింటివాళ్ళం, రేపు మనమే వెళ్ళి బోణీ చేద్దాం బాబూ.”

“చేద్దాం. కానీ ఆ బోణీకి బ్యాంకువాడు లోన్ ఇవ్వాలి అత్తయ్యా.”

అతను నవ్వబోయి నళిని ముఖం చూసి ఊరుకున్నాడు. నళిని నా కంచంలో కూర వేస్తూ మెల్లగా చెప్పింది. “అమ్మా, అది ఇల్లు అమ్ముతున్నారని బోర్డు. మంచు కరిగాక ఆవిడ ఫ్లోరిడా వెళ్ళిపోతోందట, కొడుకు దగ్గరికి. హాస్పిటల్‌లో ఎవరో అన్నారు.”

నేను కంచం పక్కకి జరిపి, లేచి మళ్ళీ కిటికీ దగ్గరికి వెళ్ళాను.

పెళ్ళయిన దగ్గర్నుంచీ నేను బిట్రగుంట రైల్వే కాలనీలో బతికినదాన్ని. మావారు గూడ్సు బండి గార్డు. పచ్చజెండా ఊపి బండిని పంపడమే ఆయన ఉద్యోగం. కాలనీలో ఇళ్ళు ఎక్కడివక్కడే ఉంటాయి, మనుషులే మారిపోతారు. పక్కింటి అన్నపూర్ణ జాడీ ఏదో నా జాడీ ఏదో తెలియనంతగా పచ్చళ్ళు కలిసిపోయాక వాళ్ళాయనకి గుంతకల్లు ట్రాన్స్‌ఫర్ వచ్చింది. ఆ ఇంట్లోకి వచ్చిన రాజేశ్వరమ్మ కూతురు నా చేత తప్ప జడ వేయించుకోనని మొండికేసే వేళకి వాళ్ళకి బెజవాడ ట్రాన్స్‌ఫర్. ప్రతిసారీ స్టేషను దాకా వెళ్ళేదాన్ని. బండి కదిలే వేళకి మాత్రం ప్లాట్‌ఫారం చివర కొళాయి దగ్గరికి పోయి, దాహం లేకపోయినా దోసిట్లో నీళ్ళు పట్టుకునేదాన్ని. చెయ్యి ఊపి పంపడం నా వల్ల అయ్యేది కాదు. మావారు కూడా ఒకరోజు డ్యూటీకి పోతూ గడప దగ్గర “వస్తా” అన్నారు. మనవాళ్ళు ఎంత దూరం పోతున్నా పోతాననరు కదా, వస్తాననే అంటారు. ఆ మర్నాడు గూడూరు నుంచి తంతి వచ్చింది. అప్పట్నుంచీ ఇంట్లో ఎవరు బయటికి కాలు పెట్టినా, తిరిగి వచ్చేదాకా నా ప్రాణం గడప మీదే కూర్చుని ఉంటుంది.

ఈ ఊరికి మేము వచ్చింది పోయిన ఆకురాలు కాలంలో, నళినికి ఇక్కడి హాస్పిటల్‌లో నర్సు ఉద్యోగం వచ్చినప్పుడు. బోస్టన్‌కి దూరంగా, నది పక్కన పాత బట్టల మిల్లున్న చిన్న ఊరు, పేరు హార్లో ఫాల్స్. మిల్లు ఎప్పుడో మూతపడింది. ఎర్ర ఇటుకల గొట్టం మాత్రం నిలబడి ఉంది. మేముండే వీధి ఒకప్పుడు మిల్లు పనివాళ్ళకి కట్టించిన ఇళ్ళ వరస. అచ్చం రైల్వే క్వార్టర్లే. మొదటిసారి చూడగానే “ఇక్కడా ట్రాన్స్‌ఫర్లుంటాయా?” అని అడిగితే అల్లుడు పగలబడి నవ్వాడు. చూశారుగా, ఉన్నాయి.

రోజమ్మ అసలు పేరు రోజ్ సిల్వా. డెబ్బై దాటిన మనిషి, నాకంటే పెద్దది, కానీ తాటిచెట్టులా నిటారుగా ఉంటుంది. ఆవిడని నాకు కలిపింది నా నేత చీర. నవంబరులో ఒకరోజు ఎండ చూసి మోసపోయి దాన్ని పెరట్లో ఆరేశాను. సాయంత్రం వెళ్ళి చూస్తే అది చీర కాదు, తలుపు చెక్క. మంచుకి గడ్డకట్టి నిలువునా బిగుసుకుపోయింది. లాగితే విరుగుతుందేమోనని గుండెలు బాదుకుంటూ నిలబడితే, కంచె అవతలి నుంచి ఆవిడ వచ్చింది. క్లిప్పులు తీసింది, చీరను చంకలో పలకలా ఇరికించుకుని మా మెట్ల దాకా మోసుకొచ్చింది. అది గుమ్మంలో పట్టలేదు. ఇద్దరం కలిసి, మంచాన్ని లోపలికి చేర్చేటప్పుడు చేసినట్టు, ఏటవాలుగా తిప్పి, వంచి, దూర్చాం. ఆవిడ నవ్వింది. నాకూ నవ్వు ఆగలేదు. గుండె మీద చెయ్యి పెట్టుకుని “రోజ్” అంది. “వసుమతి” అన్నాను. “వాసూ” అని ఖాయం చేసేసింది. నేను స్టవ్ మీద గిన్నె పెట్టి తిరిగేసరికి వెళ్ళిపోయింది. కాఫీ తాగకుండా!

ఆ మర్నాటి నుంచి రోజూ పిలిచేదాన్ని. సాయంత్రం ఆవిడ పోస్టు డబ్బా దగ్గరికి వచ్చే వేళకి నేను మా గుమ్మంలో కాపు కాసేదాన్ని. బయటి అద్దం తలుపు తెరిస్తే ఇంట్లో వేడంతా పోతుందని అల్లుడి గోల. అందుకని అద్దం వెనక నుంచే చెయ్యెత్తి, రా రా, అని పిలిచేదాన్ని. ఆవిడ చూసేది. నవ్వేది. చెయ్యి ఊపేది. లోపలికి పోయేది. నేను ఇంకా గట్టిగా పిలిస్తే ఇంకా గట్టిగా ఊపి మరీ పోయేది.

మా పోపు వాసన పడదేమో అనుకున్నాను. గర్వమేమో అనుకున్నాను. గర్వమున్న మనిషి ఊరివాళ్ళ చీర చంకన పెట్టుకుని మోస్తుందా?

“చెయ్యూపగానే వచ్చేయరమ్మా ఇక్కడ,” అంది నళిని. “ఫోన్ చేసి డేట్, టైమ్ ఫిక్స్ చేయాలి. నేను కాల్ చేయనా?”

“పక్కింటికి రావడానికి ముహూర్తమా? వద్దు. రోజూ పిలుస్తుంటే రాని మనిషిని ఫోన్‌లో బతిమాలుకోవడం ఎందుకు?”

అలా అన్నాను గానీ, బోర్డు పాతాక నా పంతం నీరుగారిపోయింది. మంచు కరిగేలోపు రోజమ్మ ఒక్కసారి మా గడప దాటి లోపలికి రావాలి. నా చేతి కాఫీ తాగాలి. ఇంకేమీ అక్కర్లేదు. పచ్చడి జాడీలు కలపకపోయినా ఫరవాలేదు. ముఖమెరిగిన మనిషిని ఉత్త కడుపుతో ఊరు దాటించానన్న బాధ మాత్రం నాకొద్దు.

ఆ రోజు నుంచి నేను మంచు పక్షం. చూరు నుంచి వేలాడే మంచు ఊడల కొనల్లోంచి బొట్టు బొట్టుగా నీళ్ళు కారుతుంటే నాకు గుండె దడ. రాత్రి మళ్ళీ మంచు పడిందంటే పొద్దున్నే లేచి దణ్ణం పెట్టుకునేదాన్ని.

“మొన్నటిదాకా ఈ మంచు ఎప్పుడు చస్తుందని తిట్టారు,” అన్నాడు అల్లుడు, పార పట్టుకుని వాకిట్లో మంచు ఎత్తిపోస్తూ. “ఇప్పుడు హారతి ఇచ్చేట్టున్నారు. నా నడుము సంగతి కూడా కాస్త ఆలోచించండి అత్తయ్యా.”

పిలవడం మాత్రం మానలేదు. ఆవిడ చెయ్యి ఊపడమూ మానలేదు.

ఈ ఊళ్ళో నన్ను లెక్కచేయంది రోజమ్మ ఒక్కతే కాదు. మా మనవరాలు రేణు ఒకటో క్లాసు. పొద్దున టోపీ మరిచిపోయి బస్సు దగ్గరికి పరిగెడుతుంది. నేను గుమ్మంలోంచి చెయ్యెత్తి పిలిస్తే, టాటా చెప్పి బస్సెక్కేస్తుంది. చెవులకి చలి తగిలితే ఏమవుతుందోనని అది వచ్చేదాకా నేను టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదాన్ని.

శనివారం పొద్దున జగన్మోహన్ మమ్మల్ని ఊరి లైబ్రరీకి తీసుకెళ్ళేవాడు. రేణు బొమ్మల పుస్తకాలు తెచ్చుకుంటుంది. నేను హీటరు పక్క కుర్చీలో కూర్చుంటాను. ఆ కుర్చీకి ఎదురుగా గోడ మీద పెద్ద ఫోటో ఒకటుంది. వందేళ్ళ కిందటి మా ఊరే అది. చలికాలం. ఇప్పుడు వట్టిగా నిలబడ్డ మిల్లు గొట్టం అందులో నల్లటి పొగ కక్కుతోంది. నది గడ్డకట్టింది. గుర్రం కట్టిన చక్రాల్లేని బండి ఒకటి. మా వీధి, మా ఇళ్ళ వరస. మా ఇల్లు నేను మెట్లను బట్టి పోల్చుకున్నాను. దాని పక్క ఇంటి గుమ్మంలో తలకి శాలువా చుట్టుకున్న ఒకామె, ఒక చెయ్యి ముందుకి చాచి నిలబడి ఉంది. వీధి మధ్యలో పొడుగు కోటు తొడుక్కున్న ఒకాయన తల తిప్పి ఆమెనే చూస్తున్నాడు.

ఫోటో కింద ఇత్తడి రేకు. దాని మీద అక్షరాలు మొదటి వారమే చదివాను. ‘గుడ్‌బై’ అని ఉంది, పక్కన 1886 అని అంకెలు. ఆ మాట చదివాక ఇంకెప్పుడూ ఆ మూల వైపు సరిగ్గా చూడలేదు. గుర్రాన్ని చూసేదాన్ని, పొగని చూసేదాన్ని. వందేళ్ళ కిందటి మనుషులైనా సరే, విడిపోతుంటే నేను చూడలేను.

ఫిబ్రవరి చివరి శనివారం మేము వెళ్ళేసరికి లైబ్రరీ ఆయన ఆ గోడ దగ్గరే ఉన్నాడు. చేతిలో స్క్రూడ్రైవర్. పక్కన రోజమ్మ.

ఫోటో దింపేస్తున్నారు. రోజమ్మ నన్ను చూసి “వాసూ!” అంటూ దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుంది. చెయ్యి పట్టుకున్న మనిషి ఇల్లు తొక్కదేం? నాకేమీ అర్థం కాలేదు.

అల్లుడు ఆవిడతో మాట్లాడి నాకు తెలుగులో చెబుతూ వచ్చాడు.

“ఈ ఫోటో వీళ్ళింటిదేనట అత్తయ్యా. లైబ్రరీకి ఇచ్చి ఉంచారు. ఆ గుమ్మంలో నిలబడ్డావిడ ఈవిడ నాయనమ్మ. పోర్చుగీసు వాళ్ళ దీవుల నుంచి మిల్లులో పనికి వచ్చిందట. ఆ కోటాయన తాత.”

“ఎక్కడికి పోతున్నాడాయన?”

“ఓడ మీద పనికి. ఆ మరుసటి ఏడు సముద్రంలోనే పోయాడట. అందుకని ఇంట్లో అందరూ దీన్ని గుడ్‌బై ఫోటో అంటారు. చిన్నప్పుడు ఈవిడ దీని ముందు నిలబడటానికే ఏడ్చేదట. ఇప్పుడు ఫ్లోరిడాకి పట్టుకెళ్ళాలా, ఇక్కడే వదిలేయాలా అని ఆలోచిస్తోంది. వదిలేస్తే, నాయనమ్మ తననే సాగనంపుతున్నట్టు ఉంటుందట. పట్టుకెళ్తే, రోజూ గోడ మీద గుడ్‌బై చూస్తూ కూర్చోవాలి.”

ఆ బాధ నాకు ఇంకొకరు విడమరిచి చెప్పాలా? ఆవిడ చెయ్యి నొక్కి పట్టుకున్నాను. అప్పుడు, వచ్చినప్పట్నుంచీ తప్పించుకు తిరుగుతున్న ఆ మూలని, ఆవిడ కోసమని మొదటిసారి తలెత్తి సరిగ్గా చూశాను.

శాలువా. ముఖం చలికి ముడుచుకుంది. చెయ్యి చాచి ఉంది. అరచెయ్యి కిందికి. మణికట్టు స్పష్టంగా ఉంది కానీ వేళ్ళు మాత్రం పొగలా చెదిరిపోయాయి, కిందికీ లోపలికీ.

“బాబూ,” అన్నాను, “ఈవిడ ఎవరినీ పంపడం లేదు.”

“అంటే?”

“రమ్మంటోంది.”

“అత్తయ్యా, కింద గుడ్‌బై అని రాశారు కదా.”

“రాసినవాడు వాళ్ళింట్లోవాళ్ళ మాట విని రాశాడో, ఆవిడ చెయ్యి చూసి రాశాడో! నేను రోజూ ఈవిడని పిలవడం లేదూ? ఇదిగో, ఇలాగే కదా!” అని, రోజమ్మ వైపు తిరిగి చెయ్యెత్తి, అరచెయ్యి కిందికి పెట్టి, వేళ్ళు మడుస్తూ పిలిచి చూపించాను. రా, రా.

రోజమ్మ వెంటనే నా చెయ్యి వదిలేసింది. నవ్వింది. చెయ్యి పైకెత్తి అటూ ఇటూ ఊపింది. “ఓ, వెళ్ళిపోతున్నావా? బై, డియర్,” అంది.

జగన్మోహన్ నోరు తెరుచుకుని ఆవిణ్ణి చూశాడు, నన్ను చూశాడు. తర్వాత నెత్తి మీద చెయ్యి పెట్టుకుని ఆ హీటరు మీదే కూలబడ్డాడు. అది కాలి మళ్ళీ లేచాడు.

“అత్తయ్యా! చలికాలమంతా... చలికాలమంతా మీరు రా రా అంటుంటే ఆవిడకి పో పో అని కనబడింది! వీళ్ళకి అది టాటా!”

“టాటా ఏమిటి? పిలిస్తే టాటా ఏమిటి?”

“వీళ్ళు పిలిస్తే అరచెయ్యి పైకి పెడతారు. ఇదిగో, ఇలా.” అతను అరచెయ్యి పైకి తిప్పి వేళ్ళు ఆడించాడు. మా ఊళ్ళో అలా చేస్తే అడుక్కుంటున్నాడనుకుంటారు.

రేణు పుస్తకాలు గుండెకి హత్తుకుని వచ్చి నిలబడింది. “అమ్మమ్మ నాకు ఎవ్రీ డే బస్ దగ్గర బై చెప్తుంది కదా, డాడీ,” అంది ఎంతో ప్రేమగా.

“టోపీ తీసుకుపొమ్మన్నానే పిల్లా!”

అల్లుడు నవ్వుతూనే రోజమ్మకి ఇంగ్లీషులో అంతా చెప్పాడు. ఆవిడ ముఖం మొదట ఎర్రబడింది. తర్వాత నోటి మీద చెయ్యి పెట్టుకుంది. తర్వాత మా ఇద్దరికీ మధ్య గాలిలో ఆ చేతి సైగని తనూ ఒకసారి చేసి చూసుకుంది, అరచెయ్యి కిందికి, వేళ్ళు లోపలికి. చేసి, అలాగే ఆగిపోయింది.

“వవో,” అంది.

అంటే వాళ్ళ భాషలో నాయనమ్మట. వవో కోళ్ళని ఇలాగే పిలిచేదట. ఆటల్లో ఉన్న పిల్లల్ని అన్నానికి ఇలాగే పిలిచేదట. రోజమ్మకి నాలుగైదేళ్ళప్పుడు చూసినది మళ్ళీ ఇదిగో ఇప్పుడే గుర్తొచ్చిందట. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరికీ ఆ చెయ్యి రాలేదు, అందరూ ఇక్కడి చెయ్యే నేర్చుకున్నారు.

లైబ్రరీ ఆయన స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుని భూతద్దం తెచ్చాడు. రోజమ్మ ఫోటోకి ముక్కు ఆనించినంత దగ్గరగా వెళ్ళింది. తర్వాత గుమ్మం కింద వేలు పెట్టి గబగబా ఏదో అంది.

“ఏమంటోంది బాబూ?”

“మెట్ల ముందు మంచు చూడమంటోంది. ఒక్క అడుగు గుర్తు లేదు. పుట్టినప్పట్నుంచీ ఆ మెట్ల ముందు మంచు ఎత్తిపోసింది తనేనట, తనకి తెలుసట. తాత ఇంట్లోంచి బయల్దేరి వెళ్తుంటే ఆ మంచులో ఆయన అడుగులు ఉండాలి కదా అంటోంది. ఆయన అడుగులన్నీ వీధి ఆ చివర నుంచి వస్తున్నాయి.”

నేనూ చూశాను. నిజమే. మెట్ల ముందు మంచు అప్పుడే వార్చిన అన్నంలా తెల్లగా, ఎవరూ తొక్కకుండా ఉంది. ఆయన పోవడం లేదు. వచ్చాడు. ఎక్కడి నుంచి వచ్చాడో, ఎన్నాళ్ళకి వచ్చాడో. ఆమె వంట మధ్యలో తలుపు తీసి, చలిలో నిలబడ్డావేం, రా, అంటోంది. అంతే. ఆ తర్వాత సముద్రం ఆయన్ని తీసుకుపోతే పోనీ, ఈ ఫోటోలో మాత్రం ఆయన ఇంటికొచ్చాడు.

రోజమ్మ నన్ను కావలించుకుంది. ఈ దేశంలో వాళ్ళు కావలించుకుంటే నాకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. ఆ రోజు తెలిసింది. ఇద్దరం నవ్వుతూ ఏడుస్తుంటే ఎవరో పుస్తకం చదువుకునే పెద్దమనిషి ‘ష్’ అన్నాడు. లైబ్రరీ ఆయన ఆ పెద్దమనిషిని ‘ష్’ అన్నాడు.

“ఇప్పుడు డేట్, టైమ్ ఫిక్స్ చేయాలా?” అన్నాను అల్లుడితో.

“మీరు చెయ్యెత్తండి చాలు,” అన్నాడు.

ఇంటికి రాగానే మా గుమ్మంలో నిలబడి ఎత్తాను. రోజమ్మ బూట్లు విదిలించుకుని లోపలికొచ్చింది.

దోసెల పిండి ఉండటం నా అదృష్టం. మొదటి దోసె ఫోర్కుతో పొడిచి ఓడిపోయింది. రెండోది నన్ను చూసి చేత్తో తుంపింది. మూడోది అడిగి వేయించుకుంది. కాఫీ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని కళ్ళు మూసుకుని తాగింది. నేను చక్కెర డబ్బా మూత తీస్తూ, “రేణూ, ఆ అల్మారాలో చెంచా ఇవ్వవే,” అంటే రోజమ్మ కళ్ళు తెరిచింది.

“అర్మారియో?” అంది, దాని వైపు వేలు చూపించి. వవో అలాగే అనేదట.

“అల్మారా,” అన్నాను.

ఆవిడకి ఏమనిపించిందో, తన స్వెట్టరు గుండీ పట్టుకుని చూపించింది. “బొతావ్?”

“బొత్తాం!” అని నేను అరిచిన అరుపుకి నిద్రపోతున్న నళిని మేడ మీద నుంచి పరిగెత్తుకొచ్చింది. పాపం, రాత్రి డ్యూటీ చేసి వచ్చి పడుకుంది. ఎవరో కాలుజారి పడ్డారనుకుందట.

“నళినీ, వీళ్ళ వవో మన బిట్రగుంట మనిషే!” అన్నాను. “బొత్తాన్ని బొత్తామే అంటోంది!”

ఏనాడో పోర్చుగీసు ఓడల్లో మన రేవులకి దిగిన మాటలట అవి. అల్లుడు చెప్పాడు. ఎలా వస్తేనేం, వచ్చినవి మా ఇంట్లో ఉండిపోయాయి.

ఆ రోజు నుంచి మంచు కరిగేదాకా రోజూ సాయంత్రం నేను చెయ్యెత్తాను, ఆవిడ వచ్చింది. వాళ్ళింటికి నన్నూ పిలిచింది, అరచెయ్యి కిందికి పెట్టే. వీధిలో పోయేవాళ్ళు ఈ ముసలివాళ్ళిద్దరూ పొద్దస్తమానం ఒకరికొకరు టాటా చెప్పుకుంటూ ఒకరింట్లో ఒకరు దూరుతున్నారేమిటని చూసేవాళ్ళు. నిమ్మకాయ ఊరగాయ జాడీ ఒకటి అటు వెళ్ళింది. తీపి రొట్టె ఉన్న పళ్ళెం ఇటు వచ్చింది. ఏది ఎవరిదో నేను గుర్తు పెట్టుకోలేదు.

ఫోటో లైబ్రరీలోనే ఉండిపోయింది. రోజమ్మ దానికి చిన్న కాపీ తీయించుకుంది. ఇత్తడి రేకు మార్చాలి, ఏం రాయించమంటారని లైబ్రరీ ఆయన అడిగితే రోజమ్మ నన్ను అడిగింది. నాకు చదవడం వచ్చిన మాటలే పెట్టమన్నాను. ఇప్పుడు అక్కడ ‘కమ్ ఇన్, 1886’ అని ఉంది. కొట్టు తలుపు మీద మాటేనని అల్లుడు వెక్కిరిస్తాడు. వెక్కిరించనీ.

ఏప్రిల్‌లో కొడుకు టోనీ వచ్చాడు. సామాను లారీ ముందు రోజే పోయింది. అద్దెకి తెచ్చిన కారులో రోజమ్మ కూర్చుంది. నేను కొళాయి దగ్గరికి పారిపోలేదు. ఈ ఊళ్ళో వీధి కొళాయి లేదు కూడా. గుమ్మంలోనే నిలబడ్డాను. వాకిట్లో మంచు లేదు, తడి మట్టి, పచ్చగా ఏవో మొలకలు. కారు కదిలింది. నా చెయ్యి దానంతటదే లేచింది. అరచెయ్యి కిందికి, వేళ్ళు లోపలికి.

కారు ఆగింది. తలుపు తెరుచుకుంది. రోజమ్మ దిగి నింపాదిగా మెట్లెక్కి వచ్చింది.

“పిలిచావుగా,” అంది.

ఏం చేస్తాను? కాఫీ పెట్టాను. టోనీ కూడా తాగాడు, గడియారం చూసుకుంటూ. మళ్ళీ కారెక్కారు. మళ్ళీ కదిలింది. ఈసారి చెయ్యి ఎత్తకూడదనే అనుకున్నాను. ఎత్తేశాను. కారు మళ్ళీ ఆగింది, లోపల్నుంచి రోజమ్మ నవ్వు వీధి చివరిదాకా వినబడింది.

“అత్తయ్యా, దండం పెడతాను, ఆ చెయ్యి దించండి,” అన్నాడు జగన్మోహన్. “పాపం ఆ టోనీకి ఫ్లైట్ ఉంది.”

“దించితే ఎలా పంపను బాబూ? పంపడం నాకు రాదు.”

రేణు నా మోచెయ్యి పట్టుకుంది. “అమ్మమ్మా, ఇలా,” అని నా అరచెయ్యి ముందుకి తిప్పి, అటూ ఇటూ ఊపి చూపించింది. నేనూ ఊపాను. కిటికీ అద్దం తుడుస్తున్నట్టుంది. ఇంకోసారి ఊపాను. అంత కష్టమేం కాదు. ఇన్నేళ్ళు ఆ కొళాయి నీళ్ళు అనవసరంగా తాగాను.

కారు ఈసారి ఆగలేదు. వీధి మలుపు దగ్గర కిటికీలోంచి ఒక పొడుగాటి చెయ్యి బయటికి వచ్చింది. అరచెయ్యి కిందికి ఉంది. వేళ్ళు లోపలికి ముడుచుకుంటున్నాయి.

“వస్తా!” అని అరిచాను.

“ఎక్కడికి, ఫ్లోరిడాకే?” అన్నాడు అల్లుడు. “టిక్కెట్ బుక్ చేయమంటారా ఏమిటి?”

“చేయండి. అక్కడ మన కాఫీ పొడి దొరుకుతుందో లేదో, అది కూడా కనుక్కోండి బాబూ.”